చర్చికి వెళ్లకుండా విశ్వాసంలో నిలబడాలనుకుంటున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామంలో వందనాలు.

నీ ఉత్తరం చదివాను. చర్చిలో అన్యాయం జరిగి అక్కడికి వెళ్లడం మానేశానని, ప్రభువును మాత్రం వదల్లేదని రాశావు. "నేనింకా విశ్వాసినేనా పెద్దమ్మా?" అని అడిగావు. విశ్వాసివే. ఆ విషయంలో నిన్ను నువ్వు చంపుకుతినకు. తొలినాటి విశ్వాసులు ఇళ్లలోనే కూడేవారు. ప్రిస్కిల్ల, అకుల దంపతుల ఇంట్లో కూడే సంఘానికి పౌలు వందనాలు చెప్పాడు. ఫిలేమోను ఇంట్లోనూ సంఘం ఉండేది. సిరియాలోని దూరా యూరోపోస్ తవ్వకాల్లో బయటపడిన మూడో శతాబ్దపు ఆరాధన స్థలం కూడా ఒక మామూలు ఇల్లే, దాన్ని మార్చి ఆరాధనకు వాడుకున్నారు.

ఇది చదివి మరీ నిశ్చింతగా ఉండిపోకు. వాళ్లకు కట్టడం లేకపోయినా పక్కన మనుషులున్నారు. నీకు ఎవరున్నారో నీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. నా దిగులంతా అక్కడే.

హెబ్రీ పత్రిక పదో అధ్యాయం 25వ వచనం నీకు చాలామంది చూపిస్తారు, సమాజంగా కూడడం మానొద్దని. వాళ్ల మీద కోపం తెచ్చుకోకుండా దాని పైనున్న 24వ వచనం చదువు. ప్రేమ చూపడానికీ మంచి పనులు చేయడానికీ ఒకరినొకరు పురికొల్పుకోవాలని ఉంటుంది. కూడుకోవడం అందుకే. మరి నిన్ను పురికొల్పేది ఎవరు? నువ్వు కోపంలో ఒక మాట అంటే, "ఇది నీకు తగదమ్మా" అని మొహం మీదే చెప్పేది ఎవరు? ఒంటరిగా ఉండే విశ్వాసికి పెద్ద ప్రమాదం అవిశ్వాసం అనుకోను నేను. మనకు నచ్చినదాన్నే దేవుడు కూడా అంటున్నాడని నమ్మడం మొదలవుతుంది, కాదని చెప్పే గొంతు ఒక్కటీ దగ్గరలో ఉండదు. అందుకే ముందు ఒక మనిషిని వెతుక్కో. నీతో అన్నిటికీ తలూపే స్నేహితురాలు వద్దు. వాక్యం తెలిసి, నువ్వు చెప్పింది బయట పెట్టకుండా ఉండగలిగి, నిన్ను అడగడానికి జంకని మనిషి కావాలి. వారానికి ఒకసారి ఫోన్‌లోనైనా సరే, కలిసి ప్రార్థన చేసుకోండి. ఇద్దరు ముగ్గురు చాలని ప్రభువే అన్నాడు కదా.

జపాన్‌లో 1614లో క్రైస్తవాన్ని దేశమంతటా నిషేధించారు. పాదిరీలు లేకుండా పోయారు. అయినా అక్కడి విశ్వాసులు తరతరాలుగా రహస్యంగా నిలబడి, 1865లో నాగసాకిలో ఒక ఫ్రెంచి పాదిరీ దగ్గరకు వచ్చి మేమూ మీవాళ్లమేనని చెప్పుకున్నారు. ఎలా నిలబడ్డారంటే పనులు పంచుకున్నారు. పండగ రోజుల లెక్క చూసేవాడు ఒకడు, పిల్లలకు బాప్తిస్మం ఇచ్చేవాడు ఒకడు, ఇంటింటికీ కబురు మోసేవాడు ఒకడు. అన్నాళ్లు పాదిరీ లేకపోయినా ఆ రోజులూ ఆ మనుషులూ ఉన్నారు. నాకు ఇష్టమైన చరిత్ర ఇది, అందుకే ఇంత రాశాను.

నువ్వు కూడా ఆదివారాన్ని పోనివ్వకు. ఒక గంట పక్కన పెట్టుకో, ఆ గంట ఎప్పుడన్నది మార్చకు. మనసు కుదిరినప్పుడు చేద్దామంటే మనసు కుదరదు. వాక్యం వరసగా చదువు. నచ్చిన వాగ్దానాలు ఏరుకుని చదవడం వద్దే వద్దు. మార్కు సువార్తతో మొదలుపెట్టు, పదహారు అధ్యాయాలే. నాలుగో అధ్యాయంలో తుపాను వచ్చినప్పుడు ప్రభువు దోనె వెనక భాగంలో తలగడ మీద నిద్రపోతున్నాడని ఉంటుంది. మత్తయి, లూకా ఇదే సంగతి చెప్పారు గానీ తలగడ మాట రాయలేదు. నెమ్మదిగా చదివితేనే కంటికి ఆనుతుందది. అంత అలిసిపోయిన ప్రభువు దగ్గర కాసేపు ఆగు. కీర్తనలు 150 ఉన్నాయి, రోజుకు అయిదు చొప్పున నెలలో అయిపోతాయి. పైకి చదువు. ఏడుపు కీర్తనలు దాటెయ్యకు, ఇప్పుడు నీకు కావలసినవి అవే.

ఫోన్‌లో ప్రసంగాలు వింటున్నానన్నావు. విను, కానీ వినడంతో ఆరాధన అయిపోయిందని లెక్క రాసుకోకు. అక్కడ ఎవరూ నీ పేరు అడగరు, నీవల్ల ఎవరికీ ఒక పనీ జరగదు.

ప్రభువు బల్ల సంగతి, అంటే ఆయన్ను తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం గురించి అడిగావు. కొన్ని సంఘాల్లో అభిషేకం పొందిన కాపరే ఇవ్వాలి, కొన్నిచోట్ల విశ్వాసులే కలిసి రొట్టె విరుస్తారు. నీ నమ్మకం ఏదైనా, ఒక్కదానివే కూర్చుని తీసుకోవద్దనే అంటాను. ఒకరి కోసం ఒకరు ఆగమని పౌలు కొరింథీయులకు రాసింది ఈ భోజనం గురించే.

కానుక ఆపకు. చర్చి పెట్టెలో వేసే డబ్బు ఇప్పుడు చేతిలో మిగులుతుంది, నాలుగు నెలల్లో అది ఎటు పోయిందో తెలియదు. నెల మొదట్లోనే విడిగా తీసి, అవసరంలో ఉన్న ఒక ఇంటికి చేర్చు. దిక్కులేని పిల్లలనూ విధవరాండ్రనూ వాళ్ల ఇబ్బందిలో పరామర్శించడమే నిష్కళంకమైన భక్తి అని యాకోబు రాశాడు. డబ్బు పంపి ఊరుకోకుండా వెళ్లి కాసేపు కూర్చో.

నీకు అక్కడ జరిగిన అన్యాయం చిన్నది కాదు. చెప్పాల్సిన చోట చెప్పు, దాచిపెట్టమని ఎవరూ నిన్ను అడగకూడదు. అయితే ప్రార్థనకు కూర్చున్న గంటను ఆ గొడవ మింగెయ్యనివ్వకు. దానికి వేరే సమయం పెట్టుకుని నాతో మాట్లాడు, ఎంతసేపైనా వింటాను. మళ్లీ ఎప్పుడైనా ఏదో ఒక సంఘంలో అడుగుపెట్టాలనిపిస్తే వెళ్లు. అలా వెళ్తే ఓడిపోయినట్టు అనుకోకు.

ఆ ఒక్క మనిషి ఎవరో ఆలోచించి, ఈ ఆదివారం లోపల నాకు రాయి. ఎవరూ తోచకపోతే అదే రాయి, దొరికేదాకా ఆ గంటలో నేను ఫోన్ చేస్తాను.

నీ కోసం ప్రార్థిస్తూ,
పెద్దమ్మ