ఐవీ మార్ఫిన్ ఇచ్చిన ఈడీ చార్ట్‌కి 99285 ఎందుకు నిలబడలేదు

కిడ్నీ రాయి నొప్పితో ఈడీకి (ఎమర్జెన్సీ విభాగం) వచ్చిన పేషెంట్‌కి ఐవీ మార్ఫిన్ ఇచ్చారని, అమెరికా బిల్లింగ్‌లో ఈడీ విజిట్‌కి అత్యధిక స్థాయి కోడ్ అయిన 99285 వేస్తే ఆడిటర్ ఒక మెట్టు కిందున్న 99284కి దించారని అన్నారు కదా. రిస్క్‌లో మీ లెక్క సరిగ్గానే ఉంది. 2023 నియమాల్లో ఐవీ మార్ఫిన్ హై రిస్క్. కానీ 99285కి మూడు ఎలిమెంట్లలో (ప్రాబ్లమ్, డేటా, రిస్క్) రెండు హై కావాలి, మీకు ఒక్కటే వచ్చి ఉంటుంది.

1. రిస్క్: మందు కంట్రోల్డ్ (మార్ఫిన్‌లా చట్టపరమైన నియంత్రణ ఉన్నది) అయ్యుండాలి, సూది ద్వారా ఎక్కించి ఉండాలి. రెండూ ఉంటేనే ఆ హై. ఐవీ కీటోరోలాక్ (నొప్పి మందు), ఆన్‌డాన్‌సెట్రాన్ (వాంతుల మందు) కంట్రోల్డ్ కావు, కాబట్టి మోడరేటే.

2. ప్రాబ్లమ్: జ్వరం, ఇన్ఫెక్షన్, ఒకే కిడ్నీ లాంటివేవీ నోట్‌లో లేకపోతే హై అని వాదించడం కష్టం.

3. అసలు చాలామంది వదిలేసేది డేటా. ఇందులో మూడు కేటగిరీలు; రెండు నిండితే ఎక్స్‌టెన్సివ్, అంటే హై. సీబీసీ, మెటబాలిక్ ప్యానెల్, యూరిన్: మూడు టెస్టులతో కేటగిరీ 1 నిండింది. ఇప్పుడు సీటీ స్కాన్ దగ్గర ఆగండి. ఈడీ డాక్టర్ ఇమేజ్‌లు స్వయంగా చూసి "కుడి యురేటర్‌లో 5 మి.మీ. రాయి, నేను చూశాను" అని రాశారా? ఆ రీడ్‌ని ఆయన విడిగా బిల్ చేయకపోతే కేటగిరీ 2 కూడా వచ్చేసింది. డేటా ఎక్స్‌టెన్సివ్, 99285కి అప్పీల్ చేయొచ్చు. రేడియాలజీ రిపోర్ట్‌ని కాపీ పేస్ట్ చేస్తే మాత్రం చెల్లదు.

4. అది లేకపోతే యూరాలజిస్ట్‌తో మాట్లాడినట్టు ఉందేమో వెతకండి. అది కేటగిరీ 3. రెండూ లేవా, 99284తో వదిలేయండి.