ఏథెన్స్‌లో కొత్త కాపురం, గ్రీకు ఇంటి వంట

ఏథెన్స్‌కు కొత్తగా వచ్చే మనవాళ్లు నన్ను అడిగే సందేహం దాదాపు ఒకటే. ‘మాంసం, చీజు తప్ప ఇక్కడ ఏం దొరుకుతుంది? మన సామాన్లు ఎక్కడ కొనాలి?’ అని. రెండో ప్రశ్నకు జవాబు చిన్నది. ఒమోనియా కూడలికి దగ్గర్లో మెనాంద్రు, సోఫోక్లెయుస్ వీధుల వైపు వెళితే బంగ్లాదేశ్, పాకిస్తాన్ వాళ్ల దుకాణాలున్నాయి. పప్పులు, మసాలాలు, బాస్మతి బియ్యం అక్కడ దొరుకుతాయి. నెలకోసారి వెళ్లి తెచ్చుకుంటే చాలు. కానీ వారమంతా ఆ సంచీ మీదే బతకాలనుకుంటే మాత్రం ఈ ఊళ్లో మంచి తిండిని చేజేతులా వదులుకున్నట్టే.

పర్యాటకులు తిరిగే వీధుల్లో సువ్లాకి (సీకుకు గుచ్చి కాల్చిన మాంసం), ముసాకా (వంకాయ, కీమా పొరల వంటకం) చూసి గ్రీకు వంటంటే అంతేనని చాలామంది తీర్మానించేస్తారు. ముసాకా మీద కనిపించే ఆ తెల్లని మందపాటి బెషమెల్ పొర, అంటే పాలు, మైదా, వెన్నతో చేసే సాస్, చాలా పాతదేమీ కాదు. ఫ్రెంచి వంట మీద మోజున్న నికోలాఓస్ త్సెలెమెంతెస్ అనే పాకశాస్త్రవేత్త ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. తూర్పు దేశాల వాసన వేసే మసాలాలన్నా, ధారాళంగా పోసే ఆలివ్ నూనె అన్నా ఆయనకు పడేది కాదు. అదృష్టవశాత్తూ ఇళ్లలో ఆయన మాట పూర్తిగా చెల్లలేదు. గ్రీకు ఇంట్లో మామూలు రోజున పొయ్యి మీద ఉండేవి లదెరా, అంటే ఆలివ్ నూనెలో మగ్గించిన కూరగాయలు, లేకపోతే ఏదో ఒక పప్పుధాన్యం.

ఇందుకు కారణం ఉపవాసాలు. ఆర్థొడాక్స్ క్రైస్తవ సంప్రదాయంలో ఈస్టర్‌కు ముందు వారాల తరబడి, క్రిస్మస్‌కు ముందు నలభై రోజులు, ఆగస్టు మొదటి రెండు వారాలు, ఇవి కాక ఏడాదిలో చాలా బుధ, శుక్రవారాలు మాంసం, పాలు, గుడ్లు మానేయాలని నియమం. ఈ రోజుల్లో అన్నీ పాటించేవాళ్లు తక్కువే అయినా, ఆ నియమం వల్ల పుట్టిన వంటలు మాత్రం అందరి ఇళ్లలోనూ ఉన్నాయి.

మొదట ఫాసొలాకియా వండండి. బీన్స్ కూర అన్నమాట. కిలో లేత బీన్స్, ఒక పెద్ద ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు, నాలుగు పండిన టమాటాలు, రెండు బంగాళాదుంపలు, గుప్పెడు పార్స్‌లీ, చిన్న గ్లాసుడు ఆలివ్ నూనె తీసుకోండి. నూనె 150 మిల్లీలీటర్లు ఉండాలి. ఎక్కువేమోనని చెంచాలతో కొలిచారా, అది ఉడకబెట్టిన బీన్స్ అవుతుంది గానీ ఫాసొలాకియా కాదు. టమాటాను అడ్డంగా కోసి తురుముపీట మీద రుద్దితే గుజ్జు గిన్నెలో పడి తొక్క చేతిలో మిగులుతుంది. ఉల్లిపాయను నూనెలో మెత్తబడనిచ్చి, మిగిలినవన్నీ వేసి, ఉప్పు, కొద్దిగా నీళ్లు చేర్చి మూతపెట్టి సన్నని సెగ మీద ముప్పావు గంట వదిలేయండి. నీరంతా ఇగిరి నూనె పైకి తేలినప్పుడు దించండి. బీన్స్ కరకరలాడకూడదు, నోట్లో కరిగిపోవాలి. దీన్ని వేడివేడిగా తినరు. గంటో రెండు గంటలో పక్కన పెట్టి, గోరువెచ్చగా ఉన్నప్పుడు రొట్టెతో, పక్కన ఫేటా చీజు ముక్కతో తింటారు. మర్నాటికి ఇంకా బాగుంటుంది.

ఇక్కడే మనవాళ్ల చెయ్యి ఊరుకోదు. ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, ఆఖరున కాస్త గరం మసాలా పడిపోతాయి. రుచి బాగానే ఉండవచ్చు, కాదనను. కానీ పోపు పడ్డాక ఆలివ్ నూనె రుచి ఎక్కడా మిగలదు, ఈ వంటలో ఉన్నదంతా ఆ నూనె రుచే. ముందు ఒకటి రెండు సార్లు అలాగే వండి తినండి, తరువాత మీ ఇష్టం. కారం లేకపోతే ముద్ద దిగనివారికి బూకొవో అనే ఎండుమిరప పలుకులు ప్రతి సూపర్‌మార్కెట్‌లోనూ ఉంటాయి. కంచంలో చల్లుకోండి, గిన్నెలో కాదు.

బెండకాయలు ఇక్కడ వేలంత కూడా ఉండవు. తొడిమను పెన్సిల్ చెక్కినట్టు చుట్టూ చెక్కాలి, కాయకు చిల్లు పడకూడదు. తరువాత వెనిగర్, ఉప్పు పట్టించి అరగంటో గంటో ఎండలో పెడతారు, జిగురు తగ్గడానికి. ఉడికేటప్పుడు గరిటె పెట్టకండి, గిన్నెను పట్టుకుని అటూ ఇటూ కదపండి, అంతే.

కూరగాయలకు సూపర్‌మార్కెట్ కన్నా లయికీ మేలు. ప్రతి పేటలోనూ వారంలో ఒక నిర్ణీత రోజున ఒక వీధిలో జరిగే సంత అది. పొద్దున వెళితే మంచి సరుకు, మధ్యాహ్నం మూసే వేళకు వెళితే తక్కువ ధర. వేసవిలో అక్కడ వ్లీతా పేరుతో కట్టలు కట్టలుగా అమ్మేది తోటకూరే. గ్లిస్ట్రీదా అనేది మన పావిలి కూర, తెలంగాణవారికి గంగవాయిలి కూర. ఇక్కడ దాన్ని పచ్చిగానే టమాటా, దోస ముక్కల సలాడ్‌లో కలుపుతారు. తోటకూరను కాడలతో సహా ఉడికించి, వార్చి, పైన ఆలివ్ నూనె, నిమ్మరసం పోస్తారు. ఇలా వండిన ఆకుకూరలన్నిటినీ హోర్తా అంటారు. వార్చిన నీళ్లలో నిమ్మకాయ పిండుకుని తాగేవాళ్లూ ఉన్నారు.

పప్పు లేనిదే భోజనం కాదనేవారు ఫావా చేసుకోండి. సాంతొరీని ద్వీపపు ఫావా పేరున్నది, ఖరీదైనది. మామూలు రోజులకు దుకాణాల్లో దొరికే పసుపు బఠాణీ పప్పు చాలు. ఉల్లిపాయతో మెత్తగా ఉడికించి, మెదిపి, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, కేపర్లు (ఊరబెట్టిన పూమొగ్గలు), నూనె, నిమ్మరసం వేస్తారు. మన ముద్దపప్పు లాంటిదే, నెయ్యికి బదులు ఆలివ్ నూనె. చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి కాస్త పల్చగా ఉన్నప్పుడే దించండి. చలికాలంలో ఫకెస్, అంటే గోధుమరంగు మసూర్‌తో చేసే పులుసు. బిర్యానీ ఆకు, వెల్లుల్లి వేసి ఉడికించి, తినేముందు చెంచాడు వెనిగర్ పోసుకోవాలి. సిఫ్నోస్ ద్వీపంలో శనగలను మట్టికుండలో పెట్టి శనివారం సాయంత్రం రొట్టెల బట్టీకి పంపి, ఆదివారం ప్రార్థన అయ్యాక తెచ్చుకునే ఆచారం ఉంది. ఇంట్లో అయితే రాత్రంతా నానబెట్టిన శనగలు, ఉల్లిపాయ, బిర్యానీ ఆకు, నూనె, మునిగేన్ని నీళ్లు మూత ఉన్న గిన్నెలో పెట్టి, ఓవెన్‌ను తక్కువ వేడి మీద నాలుగైదు గంటలు ఉంచండి. నిమ్మరసం చివర్లో.

శాకాహారులకు కొన్ని హెచ్చరికలు. ‘నిస్తీసిమో’ అని రాసి ఉంటే ఉపవాసపు వంట అని అర్థం, శాకాహారమని కాదు. రక్తం లేనివిగా లెక్కించే సముద్రజీవులు ఉపవాసంలో చెల్లుతాయి కనుక రొయ్యలు, ఆక్టోపస్, స్క్విడ్ అందులో ఉండవచ్చు. గులాబీరంగు తరమోసలాతా చూడటానికి అమాయకంగా ఉంటుంది కానీ చేప గుడ్లతో చేసేది. అవ్‌గోలేమోనో అనే నిమ్మరసపు సాస్‌లో గుడ్డు ఉంటుంది. ద్రాక్షాకుల్లో చుట్టిన దొల్మాదాకియా, అన్నం కూరిన టమాటాలు యెమిస్తా, ఇవి రెండూ మాంసంతోనూ చేస్తారు, లేకుండానూ చేస్తారు. అడిగి తీసుకోండి. ఫేటా విషయంలో పట్టింపు ఉంటే ఒక సంగతి. దాన్ని కనీసం 70 శాతం గొర్రెపాలు, మిగిలింది మేకపాలతో చేస్తారు. పాలు విరగడానికి సంప్రదాయంగా వాడేది పశువుల పొట్టనుంచి తీసిన రెనెట్. అక్కర్లేదనుకుంటే ఫాసొలాకియా పక్కన నాలుగు ఆలివ్‌లు పెట్టుకోండి.

తీపి తినాలనిపిస్తే సిమిగ్దాలి హల్వా, అంటే రవ్వ హల్వా. కొలత చాలా సులువు, ఒక వంతు నూనె, రెండు వంతులు రవ్వ, మూడు వంతులు చక్కెర, నాలుగు వంతులు నీళ్లు. పాకంలో దాల్చినచెక్క, నారింజ తొక్క వేస్తారు. చక్కెర తగ్గించుకోవచ్చు, రవ్వ ఎర్రగా వేయించడంలో మాత్రం తొందరపడవద్దు. వేడి పాకం పోసినప్పుడు ఎగసి చిమ్ముతుంది, దూరంగా నిలబడండి. దీన్ని పక్కింటి పెద్దావిడకు ఒక పళ్లెంలో పెట్టి పంపారంటే ఆ పళ్లెం ఖాళీగా తిరిగి రావడం అరుదు. ఆవిడను ‘కిరియా’ (శ్రీమతి) అని ముందు చేర్చి పేరుతో పిలవండి, వంట అడగండి. కొలతలు చెప్పకపోవచ్చు, కానీ నూనె ఎంత పోస్తుందో పక్కన నిలబడి చూస్తే తెలిసిపోతుంది.

మరొకటి. ఇక్కడి మధ్యాహ్న భోజనం రెండు దాటాకే, ఆపైన కునుకు. వేసవిలో మూడు నుంచి అయిదున్నర వరకు, చలికాలంలో మూడున్నర నుంచి అయిదున్నర వరకు చప్పుడు చేయకూడదన్నది చట్టం. ఇడ్లీ పిండి రుబ్బుకోవాలంటే పొద్దునే కానివ్వండి.