సుధకు, గోళం గురించి

చి. సుధకు,

పెదనాన్న ఆశీస్సులు. ఎంటెక్ ప్రాజెక్టుకి ఎఫ్‌డీటీడీ (స్థలాన్ని గడులుగా కోసి కాలంలో అడుగడుగునా లెక్కించేది), మొమెంట్ పద్ధతి (లోహపు ఉపరితలం మీది కరెంటును లెక్కించేది), ఫైనైట్ ఎలిమెంట్ (స్థలాన్ని చిన్న ముక్కలుగా చేసి లెక్కించేది), మూడింటినీ స్కాటరింగ్ (రేడియో తరంగాలు వస్తువుకి తగిలి చెదరడం) మీద పోటీకి పెడుతున్నావని అమ్మ ఫోన్లో చెప్పింది. కోడ్ కూడా నువ్వే రాస్తావట! సంబరపడ్డాను. నిద్ర మాత్రం పట్టలేదు.

విమానం బొమ్మ జోలికి ఇప్పుడే పోకు. ఒక మీటరు వ్యాసార్థమున్న లోహపు గోళం తీసుకో. గుస్తావ్ మీ (Mie) అనే భౌతికశాస్త్రవేత్త 1908లో ఇచ్చిన శ్రేణితో సరిచూసుకోవచ్చు. ఎఫ్‌డీటీడీలో కాలపు అడుగు, గడిని కాంతివేగం × √3తో భాగిస్తే వచ్చేదాన్ని దాటకూడదు. గడి తరంగదైర్ఘ్యంలో 20వ వంతంటారు, కానీ 131 మెగాహెర్ట్జ్ దగ్గర గోళం అడ్డంగా 17 గడులే, అన్నీ మెట్లమెట్లు. గడిని సగానికి తగ్గించు. ఫైనైట్ ఎలిమెంట్‌లో అంచు ఎలిమెంట్లే (తెలియని విలువల్ని ముక్కల మూలల మీద కాక అంచుల మీద ఉంచేవి) వాడు.

నా బెంగంతా మొమెంట్ పద్ధతి గురించే. విద్యుత్ క్షేత్ర సమీకరణం ఒక్కటే పెట్టావో, బోలు గోళం లోపల మోగే ఫ్రీక్వెన్సీల దగ్గర అది తడబడుతుంది. అక్కడ లోపలి మోడ్ (మోగే తీరు) తాలూకు కరెంటుకీ ఉపరితలం మీద స్పర్శరేఖ దిశలో క్షేత్రం సున్నాయే. సమీకరణానికి తేడా తెలీదు. మొదటిది 130.9 మెగాహెర్ట్జ్, తర్వాతది దాదాపు 185. మెష్ (గోళాన్ని కప్పే చిన్న త్రిభుజాల వల) ఎంత సన్నం చేసినా పోదు. సాల్వర్ ఇటరేషన్లు కొండెక్కుతాయి, నువ్వేమో "మొమెంట్ పద్ధతి నెమ్మది" అని థీసిస్‌లో రాసేస్తావు! పైగా ఆ దొంగ కరెంటు బయటికి దాదాపు ప్రసరించదు, ఆర్‌సీఎస్ (రాడార్‌కి గోళం ఎంత పెద్దగా కనిపిస్తుందనే కొలత) బుద్ధిమంతుడిలా కనిపిస్తుంది. కరెంటునీ, కండిషన్ నంబరునీ (మాట్రిక్స్ ఎంత తడబడుతుందో చెప్పే అంకె) చూడు. చదును త్రిభుజాల గోళం అసలుకంటే కాస్త చిన్నది కాబట్టి ఆ నంబరు శిఖరం 130.9కి కొంచెం పైన వస్తుంది. 5 మెగాహెర్ట్జ్ అంగలు వేస్తే దాటిపోతావు. 128 నుంచి 135 దాకా 0.1 చొప్పున నడువు. మందు తేలికే: అయస్కాంత క్షేత్ర సమీకరణాన్ని చెరిసగం కలుపు. టైమింగ్ ఆ తర్వాతే.

సమయాలు పోల్చేటప్పుడు ముగ్గురికీ ఒకే ఎర్రర్ పెట్టు, ఒకే మెష్ కాదు. ఎఫ్‌డీటీడీ ఒక్క పల్సుతో బ్యాండంతా ఇస్తుంది. మొమెంట్ పద్ధతికి ప్రతి ఫ్రీక్వెన్సీకీ కొత్త మాట్రిక్స్. అయితే ఆ మాట్రిక్స్‌ని ఒకసారి విడగొట్టాక తరంగం వచ్చే 180 కోణాలూ దాదాపు ఉచితం. పదివేల అజ్ఞాతాలకి మాట్రిక్స్ మెమరీ 1.6 జీబీ, ఇరవైవేలకి 6.4. హాస్టల్ ల్యాప్‌టాప్ మీద ఎగబడకు తల్లీ.

రాత్రి రన్ పెడితే గంటకోసారి ఫైల్లో సేవ్ అయ్యేలా రాసుకో, కరెంటు పోతుంది. మొదటి గ్రాఫు మెష్ ఫైలుతో సహా నాకు పంపు.

పెదనాన్న