చేతులకు తైలం పూసే ముందు

శ్రీకాకుళం

చిరంజీవి డీకన్ బాబుకు ఆశీర్వచనములు.

వచ్చే నెలలో నీవు కతోలిక గురువు (ఫాదర్) అయ్యే గురుపట్టాభిషేకమనీ, నీకు నాలుగు మాటలు రాయమనీ మీ నాన్నగారు కబురు పంపారు. నలభై ఏళ్లకు పైగా ఈ ప్రాంతంలో విచారణలు (ఒక గురువు బాధ్యతలోని గుడి, దాని ఊళ్లు) చూసినవాణ్ని గనుక, గురువిద్యాలయంలో నీవు చదివిన వేదాంతం జనం మధ్యకు వచ్చాక ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ జారిపోతుందో మాత్రమే చెబుతాను.

ప్రధానయాజకుడు మనుష్యులలో నుండి ఎన్నుకోబడి మనుష్యుల కొరకే నియమితుడవుతాడని హెబ్రీయుల లేఖ ఐదో అధ్యాయం చెబుతుంది. జ్ఞానస్నానం పొందిన ప్రతివారికీ క్రీస్తు యాజకత్వంలో పాలు ఉందనీ, గురువుల యాజకత్వం స్వభావంలోనే వేరైనా వారి యాజకత్వంతో ముడిపడే ఉంటుందనీ మేత్రాణులు (బిషప్పులు) కూడిన రెండో వాటికన్ మహాసభ 1964లో స్పష్టం చేసింది. అందుచేత పట్టాభిషేకం ముగిశాక మీ ఊరి పెద్దలు సైతం నీ అరచేతులను ముద్దుపెట్టుకోవడానికి వరుసకట్టినప్పుడు, ఆ గౌరవం ఎవరికి చెందినదో మనసులో తలచుకుంటూ నిలబడు.

ఆ అరచేతుల సంగతి ఇంకొంచెం చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలను పడగొట్టిన కొన్ని వారాలకు, పలాస దగ్గర ఒక వృద్ధురాలికి అవస్థ అభ్యంగనం (రోగికి ప్రార్థనతో తైలం పూయడం) ఇవ్వడానికి వెళ్లాను. నుదుట తైలం రాసి చేతులు చాపమంటే ఆమె కొంగు చాటున దాచుకుంది. బతుకంతా జీడిపిక్కలు వలిచిన చేతులవి; పిక్కల జిడ్డుకు వేళ్ల కొసలు నల్లబడి, చర్మం పొరలుగా లేచిపోయింది. "ఈ సేతులకి నూనేటి బాబూ, నల్లబడిపోనాయి" అంది. పూర్వపు ఆచారంలో మరణావస్థలో ఉన్న గురువుకు అరచేతులకు బదులు చేతుల వెనుక వైపు తైలం పూసేవారు, అరచేతులు పట్టాభిషేకం నాడే అభ్యంగనం పొందాయి గనుక. ఆమె అరచేతిని నా అరచేతిలోకి తీసుకున్నప్పుడు ఆ ఆచారం గుర్తుకొచ్చింది. నా చేతులకు పూసిన తైలం ఇలాంటి చేతుల కోసమేనని అర్థం కావడానికి నాకు అన్నేళ్లు పట్టింది. రోగి మంచం దగ్గరకు వెళ్లినప్పుడు ఫోను బయటే వదిలి, కూర్చోవడానికి పీట అడుగు. నిలబడి ప్రార్థించి వెళ్లిపోయే గురువును ఇంటివారు ఇట్టే గుర్తుపడతారు.

పాపసంకీర్తనానికి, అంటే జనం తమ పాపాలు నీకు చెప్పుకోవడానికి, వారంలో ఒక సమయం పెట్టుకుని, ఎవరూ రాకపోయినా అక్కడే కూర్చో. లాటిను చదువులో ఎంతో ఇబ్బంది పడిన పునీత జాన్ మరియ వియాన్ని 1818లో ఆర్స్ అనే చిన్న పల్లెకు వెళ్లి, చివరి సంవత్సరాల్లో రోజుకు పదహారు గంటల వరకు పాపసంకీర్తనాలు విన్నారు. ఆ జనం ఆయన పాండిత్యం కోసం రాలేదు.

నిన్ను సీతంపేట కొండల వైపు పంపితే మొదటి ఏడాదే సవర భాష నేర్చుకో. నేను మూడేళ్లు ఉపదేశి (గురువుకు తోడుగా మతబోధ చేసేవాడు) అనువాదం మీద ఆధారపడ్డాను. ఒక ముసలాయన తన పాపాలను తన మాటల్లో చెప్పుకోవాలని వచ్చి, నాకు అర్థం కాదని తెలిసి తిరిగి వెళ్లిపోయాడు. ఆయన మళ్లీ రాలేదు. ఆ బాధ ఇప్పటికీ నన్ను వదలలేదు.

డబ్బు లెక్కలు విచారణ పెద్దల ముందు పెట్టు, అంతటితో ఆ చింత తీరుతుంది. బ్రహ్మచర్యం బరువు మాత్రం సాయంత్రాల్లో, దీపాలు పెట్టాక, బంగళాలో ఒక్కడివే ఉన్నప్పుడు తెలుస్తుంది. ఆ వేళ సంధ్యా ప్రార్థనను వాయిదా వేయకు, వారానికి ఒకసారైనా తోటి గురువుతో కలిసి భోంచెయ్యి. ఇక దివ్యబలిపూజకు (మాస్‌కు) పావుగంట ముందే వచ్చి మౌనంగా కూర్చోవడం మానకు. పట్టాభిషేకంలో అప్పాన్నీ పాత్రనూ నీ చేతికిచ్చేటప్పుడు, నీవు చేసేదేమిటో గ్రహించి నీ జీవితాన్ని సిలువ రహస్యానికి అనుగుణంగా మలచుకోమని మేత్రాణులు చెబుతారు. ఆ మాట ప్రతి ఉదయం కొత్తగా వినబడాలంటే ఆ పావుగంట ఉండాలి.

మేత్రాణులు నీ తలపై మౌనంగా చేతులుంచిన తర్వాత గురువులమంతా ఒక్కొక్కరం వచ్చి చేతులుంచుతాము. ఆ వరుసలో నేనూ ఉంటాను. ఆ రోజు నీ కోసం ఏ వరం అడగాలో ముందుగా నాకు రాయి.