పట్టుపురుగులు గూడు అల్లేటప్పుడు షెడ్డులో వెలుతురు ఎంత ఉండాలి?

పడమటి కిటికీల దగ్గర పెట్టిన చంద్రికల్లో (పురుగులు గూడు అల్లుకోవడానికి వెదురుతో చుట్లు చుట్లుగా చేసిన తట్టల్లో) జంట గూళ్లు ఎక్కువగా వస్తున్నాయని, టార్పాలిన్‌తో కిటికీలు మూసి షెడ్డును చీకటి చేస్తే సరిపోతుందా అని మీరు అడిగారు. హిందూపురం ప్రాంతంలో చాలా కాలంగా బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాల రకం) పట్టుపురుగుల పంటలు తీస్తున్న రైతుగా నా సమాధానం ఏమిటంటే, వెలుతురు తగ్గించండి గాని చీకటి చేయకండి, అంతకన్నా ముఖ్యంగా గాలిని ఆపకండి.

పండిన పురుగు, అంటే మేత మానేసి గూడు అల్లడానికి సిద్ధమైన పురుగు, తీవ్రమైన వెలుతురును ఓర్చుకోలేదు. ఒకే వైపు నుంచి ఎండ పడితే అది ఆ వైపు చుట్లను వదిలి నీడ వైపుకు పాకుతుంది. సాయంత్రం పూట అలాంటి చంద్రికను దగ్గరగా చూడండి: కిటికీ వైపు చుట్లు దాదాపు ఖాళీగా ఉండి, వాటి మీద పీచులాంటి వదులు దారం మాత్రం అక్కడక్కడా అంటుకుని ఉంటుంది; గోడ వైపున ఒక్కో సందులో రెండు మూడు పురుగులు తలలు ఆడిస్తూ ఇరుక్కుని ఉంటాయి. ఆ వదులు దారం గూటికి చేరవలసిన పట్టే కాబట్టి, తిరిగి తిరిగి అలసిన పురుగు అల్లిన గూడు పల్చబడుతుంది. రెండు పురుగులు కలిసి అల్లిన జంట గూటిలో దారాలు ఒకదానితో ఒకటి చిక్కుపడతాయి గనుక, గూళ్లు కొని దారం తీసే రీలర్లు వాటిని పక్కకు తీసి తక్కువ ధరకే అడుగుతారు. ఒంటిగా అల్లిన గూడులో కూడా పొర మందం సమంగా ఉండకపోవచ్చు. సెల్‌ఫోన్ టార్చికి అడ్డుపెట్టి చూస్తే ఒక పక్క నుంచి వెలుగు ఎక్కువగా బయటికి వస్తుంది. దారం తీయడానికి ముందు ఉడకబెట్టినప్పుడు అలాంటి గూడు సమంగా ఉడకదు, దారం తీసేటప్పుడు తరచూ తెగుతుంది.

అయితే పూర్తి చీకటి కూడా మంచిది కాదు, అందులో అల్లిక నెమ్మదిస్తుంది. టార్పాలిన్ మీద నాకున్న అసలు అభ్యంతరం మాత్రం వేరు. పురుగు అల్లిక మొదలుపెట్టే ముందు మూత్రం విడుస్తుంది, దాని నోటి నుంచి వచ్చే దారం కూడా తడిగా వచ్చి గాలికి ఆరి గట్టిపడుతుంది. ఈ దశలో షెడ్డులో 23 నుంచి 25 డిగ్రీల వేడి, 60 నుంచి 70 శాతం తేమ ఉండాలంటే గాలి ఆడుతూ ఉండాలి. కిటికీలు బిగిస్తే తేమ లోపలే నిలిచి, దారపు పొరలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుపోయి రీలింగులో సులువుగా విడివడవు, మరక గూళ్లు కూడా పెరుగుతాయి. జంట గూళ్లను తగ్గించుకోవడానికి మొత్తం పంట నాణ్యతను పోగొట్టుకోవడం నా దృష్టిలో చెడ్డ బేరం, ముఖ్యంగా వానాకాలంలో.

కిటికీలకు బయటి నుంచి షేడ్‌నెట్‌ను రెండు మడతలు వేసి కట్టండి. ఎండ ఆగుతుంది, గాలి ఆగదు. చంద్రికల దగ్గర 10 నుంచి 20 లక్స్ వెలుతురు అన్ని వైపులా సమానంగా ఉంటే చాలు. పురుగులు స్పష్టంగా కనిపించాలి, పేపర్లోని చిన్న అక్షరాలు చదవడానికి మాత్రం కళ్లు చిట్లించవలసి రావాలి, అదే నా కొలత. రాత్రి పండిన పురుగులను ఏరడానికి వేసిన పెద్ద ఎల్ఈడీ బల్బును, పని అయిపోగానే ఆర్పేయండి. చంద్రికలకు బదులు ప్లాస్టిక్ నేత్రికలు (గూడు అల్లుకోవడానికి వాడే మడతల వలలు) వాడినా ఇదే పద్ధతి.

అయితే షేడ్‌నెట్ కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోండి. ఈసారి గూళ్లు దింపేటప్పుడు, ఒక్కో చంద్రికలో కిటికీ వైపు సగాన్ని, గోడ వైపు సగాన్ని విడివిడిగా పోగు చేయించి జంట గూళ్లు లెక్కపెట్టండి. గోడ వైపు పోగులోనే ఎక్కువగా ఉంటే లోపం వెలుతురుదే. రెండు పోగుల్లోనూ ఇంచుమించు సమానంగా ఉంటే, మీరు చంద్రిక మీద మోతాదుకు మించి పురుగులు వేస్తున్నారని అర్థం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న చంద్రికకు వెయ్యి నుంచి 1,100 పురుగులు చాలు.