"డిపోర్ట్ చేశారన్నా" అనే ముందు ఆ కాగితం చూడండి

మొన్నీమధ్య ఒక కుర్రాడు ఇంటికి చేరీ చేరగానే ఫోన్ చేసి "అన్నా, నన్ను డిపోర్ట్ చేసేశారు" అని ఒకటే ఏడుపు. ఎమ్మెస్ చేద్దామని అమెరికా వచ్చాడు, ఎయిర్‌పోర్టులో పక్క గదిలో కూర్చోబెట్టి ఫోన్ అంతా చూశారు, ఫీజు డబ్బులు ఎక్కడివని అడిగారు, దొరికిన మొదటి విమానం ఎక్కించి పంపేశారు. ఏడుపు తర్వాత, ముందు వాళ్ళిచ్చిన కాగితాలు వాట్సాప్ చెయ్యరా అన్నాను. పైన ఐ-275 అని ఉంది. అంటే అది డిపోర్టేషన్ కాదు, దేశంలోకి రానివ్వమని అడిగినవాడు ఆ అడగడాన్ని తనే వెనక్కి తీసుకున్నట్టు లెక్క. నిజంగా తనే తీసుకున్నాడా, తీసుకోక తప్పలేదా అన్నది వేరే సంగతి, సంతకం మాత్రం వాడిదే. అదే ఐ-860 అయ్యుంటే ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్, అంటే కోర్టు దాకా పోకుండా ఆఫీసరే అక్కడికక్కడ పంపేయడం, మామూలుగా ఐదేళ్ళపాటు మళ్ళీ అడుగు పెట్టనివ్వరు.

బంధువులకి రెండూ ఒకటే, "తిప్పి పంపారంట". కానీ మళ్ళీ వీసాకి డీఎస్-160 నింపేటప్పుడు ఆ రెండింటికీ వేర్వేరు ప్రశ్నలుంటాయి. వీసా తిరస్కరించారా, లోపలికి రానివ్వలేదా, దరఖాస్తు వెనక్కి తీసుకున్నారా అని ఒకటి. ఏ దేశం నుంచైనా డిపోర్ట్ చేశారా అని ఇంకొకటి. వీడు భయంతో రెండోదానికి అవును పెడితే లేని మచ్చ తెచ్చుకున్నట్టు, మొదటిదానికి కాదు పెడితే అబద్ధం చెప్పినట్టు. ఆ అబద్ధం దొరికితే ఐదేళ్ళు పదేళ్ళతో పోదు, జీవితాంతం వెంటాడుతుంది. అందుకే ఇచ్చిన ప్రతి కాగితమూ దాచుకోండి, కోపంలో ఎయిర్‌పోర్టు చెత్తబుట్టలో పడేసి వచ్చినవాళ్ళు కూడా నాకు తెలుసు.

ఇంకో సంగతి, అమెరికా చట్టంలో ఇప్పుడు అసలు మాట రిమూవల్. 1996లో చట్టం మార్చి, గుమ్మంలో ఆపేయడాన్నీ లోపలున్నవాణ్ణి పంపేయడాన్నీ ఆ ఒక్క పేరు కిందికే తెచ్చారు, జనం నోట్లో మాత్రం డిపోర్టే మిగిలింది. కోర్టులో వాలంటరీ డిపార్చర్ అనేది వేరు, జడ్జి గడువిస్తాడు, ఆ లోపు మన టికెట్ మనం కొనుక్కుని వెళ్ళిపోతే మన పేరు మీద రిమూవల్ ఆర్డర్ పడదు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఆర్డర్ ఎప్పుడో పడిపోయాక మనంతట మనం విమానం ఎక్కినా అది వాలంటరీ కాదు, ఆర్డర్ అమలైనట్టే. పైగా స్టేటస్, అంటే ఉండే అనుమతి, లేకుండా 180 రోజులు దాటి ఉంటే మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు రానివ్వరు, ఎంత మర్యాదగా వెళ్ళినా సరే.

గల్ఫ్‌లో మనవాళ్ళ మాటలు వేరు. కంపెనీ వదిలేసి బయట పని చేసుకునేవాడు ఖల్లివల్లి. ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, ప్రకటిస్తే, పాస్‌పోర్ట్ కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గరే ఉండిపోయినవాళ్ళు ఎంబసీకెళ్ళి ఔట్‌పాస్ తెచ్చుకుంటారు, దాని అసలు పేరు ఎమర్జెన్సీ సర్టిఫికెట్, ఇండియాకి ఒక్కసారి వెళ్ళడానికే పనికొస్తుంది. ఎగ్జిట్ కొట్టించుకుని వచ్చినవాడికీ, జైల్లో వేలిముద్రలు తీసి పంపితే వచ్చినవాడికీ ఊళ్ళో తేడా తెలియదు, మళ్ళీ వీసా వేసుకున్నప్పుడు తెలుస్తుంది.

ఎక్స్‌ట్రడిషన్ మీకెవరికీ అక్కర రాకూడదు, అది నేరం కేసులో ఒక దేశం అడిగితే ఇంకో దేశం మనిషిని పట్టి ఇవ్వడం, 2025 ఏప్రిల్‌లో ముంబై దాడుల కేసు నిందితుడు తహవ్వుర్ రాణాని అమెరికా మనకి ఇచ్చినట్టు. దీన్ని మన పేపర్లు అప్పగింత అంటాయి, ఆ మాట వినగానే నాకు మాత్రం పెళ్ళిలో అప్పగింతలే గుర్తొస్తాయి.

రిపాట్రియేషన్ అనే మాటలో తప్పు చేసిన వాసన లేదు, స్వదేశానికి చేర్చడం, అంతే. 1990లో కువైట్ నుంచి లక్షా డెబ్బై వేల మందిని తెచ్చిందీ, 2020లో వందే భారత్ విమానాలు తెచ్చిందీ ఇదే లెక్క. వస్తువులకీ ఇదే మాట వాడతారు. మన ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ శిల్పం ఒకటి దొంగలపాలై ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరితే, 2016లో వాళ్ళు తిరిగిచ్చారు.

బ్యాంకులో మాత్రం దీని అర్థం సరిగ్గా తిరగబడుతుంది, డబ్బు ఇండియా దాటి బయటికి రావడం! కొత్తలో నాకది తెలియక, కాలేజీ రోజుల నాటి సేవింగ్స్ అకౌంట్‌కే ఏళ్ళ తరబడి జీతం పంపాను. ఎన్నారై అయ్యాక దాన్ని ఎన్నార్వో (NRO, ఎన్నారైలు ఇండియాలో వచ్చే డబ్బు వేసుకునే అకౌంట్)గా మార్చాలన్న సంగతి కూడా ఎవరూ చెప్పలేదు. ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు నా డబ్బే నేను తెచ్చుకోవడానికి చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ కోసం రెండు నెలలు తిరిగాను, బ్రాంచిలో ఆయన ప్రతిసారీ "రిపాట్రియబుల్ కాదండీ" అనడం, నేను ఆ మాట అర్థం కాక తల ఊపడం. ఎన్నారీ (NRE, బయట సంపాదించింది వేసుకునే అకౌంట్)లో వేస్తే అసలూ వడ్డీ ఎప్పుడైనా బయటికి తెచ్చుకోవచ్చు. ఎన్నార్వో నుంచి అయితే పన్ను కట్టేసి, ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా. ఇక్కడ సంపాదించింది ఎన్నారీలో, అక్కడి అద్దెలూ పొలం డబ్బులూ ఎన్నార్వోలో, మొదటి నెల నుంచే విడిగా పెట్టుకోండి.

చివరి రకం గురించి రాయాలనిపించదు కానీ రాయాలి. మనిషి ఇక్కడే పోతే శరీరాన్ని ఇంటికి చేర్చడానికి ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు వాడేదీ రిపాట్రియేషన్ అనే మాటే. డెత్ సర్టిఫికెట్, ఎంబామింగ్ సర్టిఫికెట్, పోయిన మనిషి పాస్‌పోర్ట్, కాన్సులేట్ ఎన్‌వోసీ, ఇవన్నీ చేతికొస్తే గానీ విమానంలో ఎక్కనివ్వరు. ఖర్చు భరించలేనివాళ్ళకి 2009లో పెట్టిన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది, ఎంబసీనో కాన్సులేట్‌నో అడగాలి. ఒకసారి మా రూమ్మేట్ విషయంలో నలుగురం కూర్చుని వాడి సూట్‌కేసులన్నీ విప్పాం, పాస్‌పోర్ట్ ఎంతకీ దొరకలేదు, మూడో రోజు బియ్యం డబ్బా వెనక జిప్‌లాక్ కవర్లో కనిపించింది. మీది ఎక్కడుందో రూమ్‌లో ఇంకొకరికి కూడా చెప్పి పెట్టండి.