కాలిన మచ్చపై టాటూ: ముందు ఆ క్రీమ్ సంగతి తేల్చండి

ప్రశ్న: నా వయసు 27. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. ఎనిమిది నెలల క్రితం వేడినూనె పడి ముంజేయి కాలింది. గులాబీ రంగు మచ్చ మిగిలింది, దురద కూడా ఉంది. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ ఐదు నెలలుగా రాస్తున్నాను. మూడు నెలల్లో పెళ్లి. చర్మం రంగులో కాస్మెటిక్ టాటూ వేస్తే మచ్చ కనపడదని పార్లర్‌లో అన్నారు. ఎన్ని సిట్టింగ్‌లు పడతాయి?

జవాబు: సిట్టింగ్‌ల మాట తర్వాత. క్రీమ్ పేరు రాయలేదు మీరు. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. చీటీ లేకుండా ఐదు నెలలు రాయాల్సిన మందు కాదమ్మా. చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, చుట్టూ తెల్లబడొచ్చు. అలాంటి చోట సూది కాస్త లోతుకు దిగినా రంగు పక్కలకు పాకి మరకలా మిగిలిపోతుంది, పుండు కూడా త్వరగా మానదు. దురద తగ్గిందని ట్యూబు మీద ట్యూబు కొనేవాళ్లు చాలామందే ఉన్నారు. దయచేసి మీరు మాత్రం ఈ వారమే దాన్ని పట్టుకుని చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి. ఎలా ఆపాలో వాళ్లే చెబుతారు.

గులాబీ రంగు, దురద ఉన్నాయంటే మచ్చ ఇంకా ముదరలేదు. అందుకు మామూలుగా ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. వేలితో తడిమి చూడండి. అంచులు ఉబ్బెత్తుగా ఉండి, కాలిన హద్దు దాటి పెరుగుతుంటే కీలాయిడ్ కావచ్చు. అప్పుడు టాటూ సూది తగలనివ్వకూడదు, ఇంకా పెరుగుతుంది. దానికి రోజుకు 12 గంటలకు పైగా మచ్చపై అతికించే సిలికాన్ షీట్, అవసరమైతే 4 నుంచి 6 వారాలకోసారి మచ్చలోకే ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ డాక్టరు ఇస్తారు.

చదునుగా, పాలిపోయి, ముదిరిన మచ్చకే టాటూ నప్పుతుంది. అప్పుడూ ముందు మచ్చ మూలలో చిన్న చుక్క వేయించి ఆరు వారాలు ఆగి చూడాలి. ఆ తర్వాత సాధారణంగా రెండు మూడు సిట్టింగ్‌లు, మధ్యలో నెలకు పైగా విరామం. కాబట్టి పెళ్లిలోపు కుదరదు. పైగా ఎండకు చుట్టూ చర్మం నల్లబడినా టాటూ రంగు అలాగే ఉండిపోతుంది, తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. చర్మం రంగు పిగ్మెంట్లలో సాధారణంగా టైటానియం డయాక్సైడ్ అనే తెల్లరంగు పదార్థం ఉంటుంది. నచ్చలేదని లేజర్ చేయిస్తే ఆ టాటూ రంగు నల్లగా మారే ప్రమాదం ఉంది. సూది, రంగు మీ ఎదుటే కొత్తవి విప్పకపోతే, రంగులో కుళాయి నీళ్లు కలిపితే లేచి వచ్చేయండి. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి, సి ఒకరికి వాడిన సూది, రంగుల ద్వారానే అంటుకోవచ్చు.

పెళ్లినాటికి మచ్చను కప్పే వాటర్‌ప్రూఫ్ కామఫ్లాజ్ మేకప్ చాలు, వారం ముందే ఒకసారి వేసి చూసుకోండి. అప్పటిదాకా బయటికెళితే సన్‌స్క్రీన్, పొడుగు చేతులు. గంటలో నల్లగా పండే మెహందీ కోన్ ఆ చేతికి వద్దు. వాటిలో చాలావరకు హెయిర్‌డైలో వాడే పీపీడీ అనే రసాయనం ఉంటుంది, బొబ్బలు లేవొచ్చు. చూడకుండా ఇంతకుమించి చెప్పలేను. షుగర్ ఉన్నా, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతున్నా డాక్టరుకు ముందే చెప్పండి.